పసివారి నోట పెద్దల పాట

పలాస, టెక్కలి పట్టణములలోను, సముద్రతీరమున ఉద్దానపు కొబ్బరితోటల నడుమ నున్న గ్రామములలోను ఇప్పుడు పెండ్లి గాని, గ్రామదేవత సంబరము గాని, వినాయక నిమజ్జనము గాని నిశ్చయమైనతోడనే మొట్టమొదట బయానా ఇచ్చునది పురోహితునకు గాదు, సన్నాయిమేళమునకు గాదు, డీజే బండికి. బండిమీద గోడవలె పేర్చిన పెట్టెలనుండి వెలువడు మ్రోతకు ఇండ్ల తలుపులు సయితము అదరుచుండును. దాని ముందర ఆడువారిలో మొదటి వరుస ఎల్లప్పుడును పసివారిదే. పెద్దలలో కొందరు సిగ్గుపడి వెనుక నిలుతురు; కొందరు సిగ్గు పోవుటకై త్రాగి వత్తురు. పసివారికి ఆ చిక్కు లేదు. చెవిని పడినట్లు పాడుదురు, తెరమీద చూచినట్లు ఆడుదురు. ఆ పాటలో ఆడుదాని నడుమును గూర్చియు, జాకెట్టును గూర్చియు, పడకను గూర్చియు ఏమనుచున్నారో తెలిసికొనగలవారు ఆ వీధిలో నున్న పెద్దలు మాత్రమే. వారు మాటాడరు.

మాటాడనివారిలో మేమును ఒకరము. కొంతకాలము క్రిందట ఉద్దానమున ఒక పాఠశాల వార్షికోత్సవమునకు పిలువగా పోయి వేదికమీద కూర్చుంటిమి. ప్రార్థన, స్వాగతోపన్యాసము, బహుమతుల పంపకము అయిన పిమ్మట మూడవ తరగతి బాలికలు ఆరుగురు మెరుపుదుస్తులతో వచ్చి ఒక సినిమా పాటకు నృత్యము చేసిరి. ఆ పాట మద్యశాలలో పదిమంది మగవారి నడుమ నాడు స్త్రీ పాట. ఎనిమిదేండ్ల పిల్లలు ఆ స్త్రీ కన్నుగీటును, పెదవి కొరుకుటను, నడుము విసరుటను ఒక్క తప్పులేకుండ నేర్చియుండిరి. నేర్పినవారు ఉపాధ్యాయులు; దుస్తులు కొన్నవారు తల్లులు; ముందుకు వచ్చి ఫోనులలో చిత్రము తీసికొన్నవారు తండ్రులు; చప్పట్లు కొట్టినవారము మేము. ఇంటికి తిరిగి వచ్చునపుడుగాని మేము చేసిన పని మాకు తెలిసిరాలేదు. కావున ఈ వ్యాసము పరుల దోషమునుగూర్చి మాత్రమే వ్రాయుచున్నది కాదని పాఠకులు గ్రహింతురుగాక.

సినిమా పాటలలోని అశ్లీలమును గూర్చి తెలుగునాట గొడవ లేచుట క్రొత్త గాదు. 2025వ సంవత్సరమున నది ప్రభుత్వ సంస్థల గడపదాక వెళ్లినది. ఆ యేడు సంక్రాంతికి విడుదలయిన 'డాకు మహారాజ్' చిత్రములో ఒక పాటకు కూర్చిన నృత్యమును జనులు బాహాటముగా నిరసించిరి. రెండు నెలలు గడచునప్పటికి 'రాబిన్‌హుడ్' చిత్రపు పాటలోని ఒక భంగిమ మీద అంతకు మించిన అలజడి పుట్టినది. మార్చి 20వ తేదీన తెలంగాణ రాష్ట్ర మహిళా కమిషన్, స్త్రీలను కించపరచు అసభ్యభంగిమలను పాటలలో చొప్పింపరాదని సినిమావారిని హెచ్చరించినది. 28వ తేదీన చిత్రము విడుదలయినపుడు ఆ భంగిమ థియేటరు తెరమీద లేదు. ఇంతవరకు మంచిదే. కాని ఆ పాట మార్చి మొదటి పక్షముననే యూట్యూబునకు ఎక్కియుండెను. కత్తెర పడునాటికి దానిని అనుకరించి తీసిన చిన్న వీడియోలు ఊరూర తిరుగుచునే యుండెను.

ఇందులో ఇంకొక విశేషము గలదు. గొడవ యంతయు భంగిమనుగూర్చియే సాగినది. మాటలను అడిగినవారు తక్కువ. భంగిమ కంటికి కనబడును గనుక దానిమీద ఫిర్యాదు వ్రాయుట సులభము. మాట యట్లు కాదు. ద్వంద్వార్థపు మాటను తప్పని చూపబోయినవానిని, నీ మనస్సులోనే ఆ యర్థ మున్నదని ఎగతాళి చేయవచ్చును. అయినను పసివాడు భంగిమను నాలుగు దినములలో మరచును గాని పల్లవిని మరువడు. పెరిగిన పిమ్మట ఒకనాడు దాని యర్థము తనంతట తెలియును. అప్పటికి ఆ పాట వాని బాల్యములో నొక భాగమై యుండును.

చట్టమేమి చేయుచున్నదని పాఠకులు అడుగవచ్చును. 1952వ సంవత్సరపు సినిమాటోగ్రాఫు చట్టము క్రింద సెన్సారు బోర్డు గలదు. 1991లో కేంద్రప్రభుత్వము దానికిచ్చిన మార్గదర్శక సూత్రములలో నీచప్రవృత్తులకు మేతవేయు ద్వంద్వార్థపు మాటలు కూడదనియు, స్త్రీలను కించపరచు దృశ్యములు కూడదనియు స్పష్టముగానే యున్నది. 2023లో చట్టమును సవరించి, పిల్లలు పెద్దల పర్యవేక్షణలో చూడదగిన చిత్రములను ఏడేండ్లు, పదమూడేండ్లు, పదునారేండ్లు అని మూడు మెట్లుగా విడదీసిరి. ఈ యేర్పాటంతయు థియేటరు తలుపుదగ్గర నిలిచిపోవును. పాట చిత్రముకన్న వారముల ముందుగా అంతర్జాలమున వచ్చును. అచ్చట దానికి బోర్డు పత్రముతో పనిలేదు. పెద్దలకు మాత్రమే యని ముద్రపడిన చిత్రములోని పాటను పెండ్లి ఊరేగింపులో మ్రోగించువానిని పత్రమేదని అడుగువారును లేరు.

శిక్షాస్మృతి లేకపోలేదు. బహిరంగస్థలమున అశ్లీలగీతము పాడుట 1860 నాటి చట్టములోనే నేరము. పాత 294వ సెక్షను 2024 జూలై 1వ తేదీనుండి భారత న్యాయసంహితలో 296వ సెక్షనుగా వచ్చినది. మూడు నెలలవరకు ఖైదు గాని, వేయి రూపాయలవరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. కాని ఆ పాట ఇతరులకు చీకాకు కలిగించినదై యుండవలెనని షరతు గలదు. ఊరంతయు ఎదుట నిలిచి ఈలలు వేయుచుండగా చీకాకు పడినానని ముందుకు వచ్చువాడెవడు? ఇక పోలీసువారు రాత్రి పది గంటలు దాటినను పెట్టెలు మ్రోగుచున్నవా యని చూతురు. 2000వ సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనలు వారికిచ్చిన అధికార మది. ఎంత గట్టిగా మ్రోగుచున్నదని అడుగుదురే గాని ఏమి మ్రోగుచున్నదని అడుగుట వారి పనిలో లేదు.

ఇక్కడ ఒక సంశయము అడ్డువచ్చును. దానిని దాచుట న్యాయము గాదు. శృంగారము మన పాటకు క్రొత్తదా? క్షేత్రయ్య పదములు తెలియనివారు మన పాఠకులలో నుండరు. ఈ ప్రాంతపు పెండ్లిండ్లలో వియ్యాలవారిని స్త్రీలు ఎగతాళి చేయుచు పాడు పాటలలోను, ఊడ్పులనాడు మడిలో వంగి పాడు పాటలలోను గల మోటుసరసమును అచ్చువేయబోయిన పత్రికలు సంకోచించును. అశ్లీల మను ముద్రను తొందరపడి వేసినచో నేమగునో మనకు అనుభవమే. పదునెనిమిదవ శతాబ్దమున తంజావూరి ముద్దుపళని వ్రాసిన 'రాధికాసాంత్వనము'ను బెంగుళూరు నాగరత్నమ్మగారు 1910లో పరిష్కరించి ప్రకటింపగా, వీరేశలింగము పంతులుగారంతటివారు ఆ కావ్యమును దూషించియుండిరి. దొరతనమువారు దానిని నిషేధించిరి. ఆ నిషేధము తొలగుటకు 1947 ప్రాంతము రావలసివచ్చినది. అందుకు ప్రకాశం పంతులుగారు పూనుకొనవలసివచ్చినది. స్త్రీ తన కోరికను తానే చెప్పుకొనుట నాటి పెద్దలకు సహింపరాని అశ్లీలమైనది. మేము నేడు వ్రాయుచున్నదియు అటువంటిదే యగునా యని మమ్ము మేమే ప్రశ్నించుకొంటిమి.

కాదని మాకు తోచుచున్నది. మడిలో పాడిన పాటకు ఒక సమయమున్నది, ఒక కూటమియున్నది. పాడినది స్త్రీ, నవ్వినది స్త్రీ, ఎగతాళికి గురియైన వియ్యపురాలికి బదులు పాడు హక్కుండెను. పిల్లలు దానిని సగము విని, సగము విడిచి పెరిగిరి. వారిచేత దానిని వేదికమీద పాడించి బహుమతు లిచ్చినవారు లేరు. నేటి పాటలో స్త్రీ మాటాడుచున్నట్లు కనబడునే గాని ఆమె నోట మాట పెట్టినది సాధారణముగా పురుషుడే. ఆమెను తినుబండారముతో పోల్చుదురు, బండితో పోల్చుదురు, సరకుగా వెలకట్టుదురు. అంతకన్న చెడుగు మరియొకటి గలదు. నాయిక వద్దనును, నాయకుడు వెంటబడును, పాట ముగియునప్పటికి వద్దన్నమాట ఔనన్నమాటగా తేలును. ఇది ఒక పాటలోని దోషము గాదు, ఏండ్ల తరబడి నూర్ల పాటలలో వచ్చుచున్న బాణీ. పదేండ్ల మగపిల్లవాడు దానిని విని నేర్చుకొనునది శృంగారము గాదు. ఆడుపిల్ల కాదన్నను లెక్కచేయనక్కరలేదని. పదేండ్ల ఆడుపిల్ల నేర్చుకొనునది, తన విలువ తనను చూచువారి కంటిలో నున్నదని. మా యాక్షేపణ కోరికమీద గాదు, ఈ తిరస్కారముమీద.

ఈ భేదము మా యూహ మాత్రమే గాదు. అమెరికాలో ర్యాండ్ అను పరిశోధన సంస్థవారు 2001లో 12 మొదలు 17 సంవత్సరముల వయస్సుగల 1,461 మంది బాలబాలికలను టెలిఫోనుద్వారా ప్రశ్నించి, వారినే 2002లోను 2004లోను మరల ప్రశ్నించిరి. ఫలితము 2006లో 'పీడియాట్రిక్స్' అను వైద్యపత్రికయందు వెలువడినది. స్త్రీలను హీనపరచు శృంగారగీతములు ఎక్కువగా వినుచున్న పిల్లలు తక్కినవారికన్న త్వరగా లైంగికసంబంధములకు దిగుట వారికి కనబడినది. శృంగారమున్నను హీనపరచుట లేని పాటల విషయమున అట్టి సంబంధము కనబడలేదు. ఆ లెక్క అమెరికా పిల్లలది. ఉద్దానపు పిల్లలకు దానిని అట్లే అంటగట్టరాదు. పాటయే కారణమని గూడ అది రుజువుచేయదు; అట్టి నడవడిగల పిల్లలే అట్టి పాటలను ఏరుకొనుచున్నారని వాదింపవచ్చును. కాని ఏ పాటకు భయపడవలెనో, ఏ పాటను ఊరక విడువవచ్చునో తెలుపుటకు ఆ భేదము చాలును.

మన సీమలో దీని కింకొక పదునున్నది. సినిమా కవులకు పదహారను సంఖ్యమీద ఎడతెగని మక్కువ. పదహారేండ్ల పడుచుదనమును పొగడని దశాబ్దము తెలుగు సినిమాలో లేదు. చట్టము చెప్పు సంఖ్య పదునెనిమిది. ఆడుపిల్ల వివాహవయస్సును పదునెనిమిదికి పెంచిన సవరణ 1978లో అమలునకు వచ్చినది. 'పదహారేళ్ళ వయసు' అను చిత్రము తెలుగున విడుదలయినదియు ఆ యేడే. (ఆ చిత్రము ఒక పల్లెపడుచు కష్టమును చెప్పినది; దానిని నిందించుట మా యుద్దేశము గాదు. పేరు మాత్రము కాలమును చూపుచున్నది.) 2012వ సంవత్సరపు పోక్సో చట్టము ప్రకారము పదునెనిమిదేండ్లు నిండని ఆడుపిల్లయైనను మగపిల్లవాడైనను శిశువే, వారినిగూర్చి కామదృష్టి నేరమునకు దారి. కాగా జాతీయ కుటుంబారోగ్య సర్వే 2019–21 లెక్కలలో, ఆంధ్రప్రదేశమున 20 మొదలు 24 ఏండ్లవరకుగల స్త్రీలలో నూటికి 29.3 మంది పదునెనిమిదేండ్లు నిండకమునుపే పెండ్లియైనవారు. దేశపు సగటు 23.3. పదవ తరగతి దాటని పిల్ల పెండ్లికి ఈడేరినదని తలచు ఊరిలో, ఆ ఈడునే వీధివీధిని మ్రోగించి పొగడు పాట ఎవరి పక్షమున సాక్ష్యము పలుకుచున్నదో వేరుగ చెప్పనక్కరలేదు.

ఈ పాట పల్లెటింటిలోనికి వచ్చిన దారిని గూడ చూడవలెను. పలాస, కాశీబుగ్గల జీడి కర్మాగారములలో పిక్క కొట్టి పప్పుతీయు పనికి తల్లులు తెల్లవారగనే పోవుదురు. తండ్రులలో ననేకులు హైదరాబాదునకో, విశాఖపట్టణమునకో కూలికి, తీరగ్రామములవారు గుజరాతు రేవులలో పడవలమీదికి వలసపోయినవారు. 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ తుపాను కొబ్బరిని, జీడిని కూల్చిన పిమ్మట ఆ వలస మరింత పెరిగినది. ఉద్దానమును పీడించుచున్న మూత్రపిండముల వ్యాధిచేత ఇంటిలో నొకరు డయాలిసిస్ కొరకు ఆసుపత్రికి తిరుగుచున్న కుటుంబములు తక్కువ గావు. పిల్లలు అవ్వ దగ్గరనో, తాత దగ్గరనో పెరుగుదురు. 2020లో కరోనా కాలమున పాఠములకని కొన్న ఫోను ఆ పాఠములు ముగిసినను ఇంటనే యున్నది. ఏడ్చు బిడ్డకు అన్నము పెట్టునపుడు అదియే ఆట, అదియే పాట. తెరమీద ఒక పాట ముగిసిన వెంటనే మరియొకటి తనంతట వచ్చును. అది ఎట్టిదో చదువురాని అవ్వకు చూచుకొను వెరవు లేదు. ఈ అవ్వను తప్పుపట్టుట కన్న అన్యాయము లేదు. డీజే బండి నడుపు కుర్రవాని మాటయు నట్లే. పదివేల చందా ఇచ్చినవాడు కోరిన పాటను అప్పుచేసి పెట్టెలు కొన్నవాడు వేయనని ఎట్లు చెప్పగలడు?

నిషేధింపుమని కేకవేయుట సులభము. 1952లో కేంద్రమంత్రి బి. వి. కేస్కరుగారు సినిమా పాటల నీచత్వమునకు రోసి ఆకాశవాణినుండి వానిని దాదాపుగా వెడలగొట్టిరి. వినువారు శాస్త్రీయ సంగీతమునకు మరలలేదు. రేడియో మీట త్రిప్పి సిలోను పట్టుకొనిరి. అయిదేండ్లు తిరిగిన పిమ్మట 1957 అక్టోబరులో ప్రభుత్వమే వివిధభారతిని నెలకొల్పి ఆ పాటలను తిరిగి పిలువవలసివచ్చినది. అమెరికాలో 1985లో కొందరు తల్లులు పూనుకొని సెనేటుసభ విచారణవరకు పోయి, అసభ్యగీతముల రికార్డులమీద తల్లిదండ్రులకు హెచ్చరికచీటి అంటించునట్లు చేసిరి. చీటీని చూచి కొనుట మానినవారున్నారు. చీటీని చూచియే కొనిన కుర్రవారును ఉన్నారు. ఆస్ట్రేలియా 2025 డిసెంబరు 10వ తేదీనుండి పదునారేండ్ల లోపువారికి యూట్యూబుతో సహా సామాజిక మాధ్యమముల ఖాతాలు లేకుండ చేసినది. ఖాతా లేకున్నను పాట వినవచ్చును. వీధిలో మ్రోగు పెట్టెకు ఖాతా అసలే అక్కరలేదు.

అయినను రెండుచోట్ల మన చేయి సాగును. మొదటిది పాఠశాల వేదిక. అచ్చట ఏ పాటకు పిల్లలు ఆడవలెనో నిర్ణయించుటకు ఢిల్లీ నుండి చట్టము రానక్కరలేదు. పాట మాటలను ప్రధానోపాధ్యాయుడు కాగితముమీద వ్రాయించి, రాగము లేకుండ, తల్లిదండ్రుల సభలో ఒకమారు బిగ్గరగా చదివింపనిండు. చదువుటకు గొంతు రాని పాటను ఆడింపనక్కరలేదు. ఇంతకన్న కఠినమైన సెన్సారును మేము కోరుట లేదు.

రెండవది సంబరము. ఈ ప్రాంతము పాటకు పేద గాదు. తప్పెటగుళ్లు, జముకుల కథ, తూర్పు భాగవతము ఇచ్చటివే. బొడ్డపాడున నివసించిన సుబ్బారావు పాణిగ్రాహిగారి రాజకీయములతో ఏకీభవింపనివారును, జముకుల కథతో ఆయన ఉద్దానపు రైతుకూలీలను రాత్రులంతయు కదలకుండ కూర్చుండబెట్టెనని ఒప్పుకొందురు. 1969లో ఆయన పోయినను ఆ కథాశక్తి పోలేదు. 2020లో వచ్చిన 'పలాస 1978' చిత్రములో రఘు కుంచెగారు స్వరపరచిన ఉత్తరాంధ్ర జానపదగీతము, నెక్లెసు గొలుసుల పాట, ఎంత వేగముగా రాష్ట్రమంతట ప్రాకినదో చూచితిమి. పసివారు ఆడిరి, ముసలివారు ఆడిరి, ఎవరును తలవంచుకొనలేదు. మన పాట పాతబడినదనియు, కుర్రకారు వినదనియు చెప్పువారికి ఇదియే సమాధానము. తప్పెటగుళ్ల దళమునకు మనమిచ్చునది ఎంత, డీజే బండికి ఇచ్చునది ఎంత యను లెక్క మాత్రము ఎవరును విప్పి చెప్పరు. దళమువారిని చివర పిలిచి, ముందు పంపివేయుదుము. వారి కొడుకులు ఆ విద్య విడిచి హైదరాబాదు రైలెక్కుట వింత గాదు.

సంబరముల కమిటీలవద్ద చందా పుస్తకములుండును. డీజే బండి ఖర్చు క్రింద వ్రాసిన మొత్తమునకు ఎదురుగా దాతల పేర్లుండును: తోటల యజమానులు, జీడి వ్యాపారులు, వకీళ్లు, కంట్రాక్టర్లు, పాఠశాలలు నడుపువారు. వారిలో పెక్కుమంది ఈ పత్రిక చదువువారే.